తెడ్డు చూస్తే అలిగే ఇంజను

ఏరు దాటాక తెప్ప తగలేసినోళ్ళని మీరు చూసుంటారు. దాటకముందే తగలేసినోణ్ణి చూడాలంటే నా దగ్గరికి రండి. ఆ రోజు సముద్రంలో ఏటి జరిగిందో చెప్తాను, వినండి.

అప్పుడు నాకు మీసం ఎక్కువ, బుర్ర తక్కువ. మా మావ తన పాత పడవ ఇంజను మాకిచ్చేశాడు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోకుది. సిలిండర్లు ఎంత అరిగాయంటే, తాడు లాగితే ముసలాయనలా దగ్గి, పొగ వదిలి పడుకునేది. నానూ, మా ఆవిడ పోలమ్మ అన్న ఎల్లాజీ బావా కలిసి దాన్ని అరుగు మీద ఊడదీశాం. లేతు షాపులో సిలిండర్లు లోపల వెడల్పుగా బోరు చేయించి, లావుపాటి కొత్త పిస్టన్లేసి బిగించాం. కొత్త పిస్టను కొత్తల్లుడి లాంటిది, చోటు సర్దుకునేదాకా మెల్లగా తోలండి అన్నాడు లేతు షాపాయన. నాను తలూపాను. ఊపడానికి తలకేటి కష్టం?

బయల్దేరే పొద్దున ఇంజనుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండేశాం. అంతలో పోలమ్మ తెడ్లు తెచ్చి పడవలో పెట్టబోయింది.

"ఏటే ఇది? పెళ్ళికెళ్తా పాడె మోసుకెళ్తారా? తెడ్డు సూత్తే కొత్త ఇంజను అలుగుతాది."

"సముద్రంలో అలిగితే ఏటి సేత్తావు?"

"తెడ్డు లేకపోతే అలగదు."

ఆమె తెడ్లు ఇసకలో పెట్టి పక్కన కూర్చుంది.

మొదట్లో మెల్లగానే తోలాను, ఒట్టు. హార్బరు దగ్గర వేరే పడవోళ్ళు మా పూలదండ చూసి, ఊరేగింపు ఎందాకా అని అడిగి దూసుకుపోయారు. అంతే, నా చేతికి పౌరుషమొచ్చి పిడి మొత్తం తిప్పేసింది. ఇంజను కీచుమని, గుటుక్కుమంది. తాడు లాగితే బండరాయికి కట్టినట్టుంది. వేడెక్కిన పిస్టన్లు సిలిండర్లలో బిగుసుకుపోయాయి.

"బావా," అన్నాడు ఎల్లాజీ నెమ్మదిగా, "మనం ఎక్కడున్నామో సూసావా?"

ఓడలు లోపలికొచ్చే దారికి అడ్డంగా ఉన్నాం. ఎదురుగా బొగ్గోడ, మా పేట పేటంతా లేచి నడిచొస్తన్నట్టు వస్తంది. హారన్ కొట్టింది. అంత ఓడ ఆగమంటే ఆగుతాదా? బావ గంగమ్మ తల్లికి కోడి మొక్కాడు. రెండో హారనుకి మేక దాకా వెళ్ళాడు. నాకు మాత్రం ఇసకలో కూర్చున్న పోలమ్మ ఒక్కతే కళ్ళముందు మెదిలింది.

"తెడ్డు," అన్నాడు బావ.

"ఒడ్డున ఉంది."

అప్పుడు బావ చూసిన చూపు ఓడ కంటే పెద్దది.

దండ పీకి పారేసి, ఇంజను నెత్తి మీది మూత ఊడదీశాను. ఆ మూతతో నాను, కేరేజీ మూతతో బావ, నీళ్ళు వెనక్కి తోస్తానే ఉన్నాం. ఓడ నీడ మా మీద నుంచి పోతన్నంతసేపూ ఊపిరి తియ్యలేదు. దాని అల మమ్మల్ని ఎత్తి కుదేసింది. పడవ నిలిచింది. నూకలు చెల్లింది మేకకే.

ఒడ్డు చేరేసరికి పోలమ్మ భుజాన తెడ్లతో, మొలలోతు నీళ్ళలో నిలబడుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"ఇంజను బాగుందా?" అంది.

"ఒడ్డుకి తెచ్చింది అదే," అని మూత చూపించాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే రేపట్నుంచి మూతే పట్టుకెళ్ళు. మిగతాది దొడ్డి తలుపుకి అడ్డం పెట్టుకుంటాను."

గంగమ్మ సాక్షిగా, ఆ మేక సాక్షిగా చెప్తన్నాను: ఇంజను లేకుండా సముద్రానికైనా పోతాను గానీ, తెడ్డు లేకుండా పెరట్లో స్నానానికి కూడా పోను.