డియోసెలీనా మూకుడు, నా మొండోడు

కార్తహేనా రేవులో నా పికో పేరు తెలియనివాడు లేడని నేనంటే మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ. పికో అంటే నాట్యాలకు పాటలు మోగించే సరంజామా. తలుపంత ఎత్తున్న స్పీకరు పెట్టెలు, వాటి నిండా ఎర్ర కళ్ళేసుకుని కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డ కంచరగాడిద బొమ్మ. పేరు ఎల్ టెర్కో, అంటే మొండోడు. ఆదివారం మధ్యాహ్నం బెర్రియో నడిపే నాట్యాల పెరట్లో అది మోగడం మొదలైతే బసుర్తో బజారులో చేపల తక్కెళ్ళు కూడా ఊగుతాయి. ఇది నా గొప్ప. నేను చెప్పబోయేది మాత్రం ఆ పెట్టెల పక్కనే మూకుడు పెట్టుకుని ముప్పై ఏళ్ళు నిలబడిన డియోసెలీనా కస్సియానీ సంగతి.

నిజం ఒప్పుకుంటాను. మొదటి రెండేళ్ళు నా పాటల కోసం ఎవడూ రాలేదు. ఆమె మూకుట్లో వేయించే గుడ్డు అరేపాల కోసం వచ్చారు. తింటూ తింటూ కాలు కదిపారు, కదిపిన కాలు ఆగలేదు. మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆమె పొయ్యి వల్లే. ఈ మాట ఆమె ముఖం మీద ఎన్నడూ అనలేదు, నా అహంకారం అలాంటిది. మా అమ్మాయి యురానిస్‌ను జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా చేతుల్లోకి తీసుకున్నది కూడా ఆమే. అలా నాకు వదిన, పిల్లకు పెద్దమ్మ అయింది.

గుడ్డు అరేపా చేయడం మాటలు కాదు. మొక్కజొన్న పిండి బిళ్ళను నూనెలో వేస్తే పొంగుతుంది. తీసి, అంచున చీరి, లోపల పచ్చి గుడ్డు పోసి, చీలికను పిండితో మూసి మళ్ళీ వేయాలి. తొందరపడితే గుడ్డు చొక్కా మీద కారుతుంది. ఆలస్యమైతే లోపల రాయి. డియోసెలీనా అరేపా కొరికితే పచ్చసొన పెదవి దాకా వచ్చి ఆగేది. కోట గోడల లోపలి హోటళ్ళలో పక్కలు పరిచే ఆడవాళ్ళు, ఓడల్లో మూటలు మోసేవాళ్ళు, అందరూ పని దిగి తిన్నగా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ముందు కడుపు, తరువాత కాళ్ళు.

అలాంటి మనిషి ఈ ఫిబ్రవరి నుంచి మాడ్చడం మొదలుపెట్టింది. ఒకటి బొగ్గు, ఒకటి పచ్చి. ఒక బస్సు డ్రైవరు కొత్త తెల్ల చొక్కా నిండా సొన కార్చుకుని, మొండోడికి కొట్టించాల్సిన రంగు నాకు కొట్టించారేమిటని నన్నడిగాడు. నవ్వేశాను. నాలుగు ఆదివారాలు చూసి బెర్రియో నన్ను పక్కకు పిలిచాడు. వచ్చే వారం కూడా ఇదే వరస అయితే డియోసెలీనా నిలబడే మూలను సాసేజీల ఆవిడకు ఇచ్చేస్తానన్నాడు. పైగా ఆ మాట నన్నే చెప్పమన్నాడు, నా వదిన కాబట్టి.

సోమవారం పొద్దున వెళ్ళాను. ఆమె పెరట్లో మొక్కజొన్న మర తిప్పుతోంది. నేను వాన గురించి మాట్లాడాను, సముద్రం గురించి మాట్లాడాను, అసలు మాట నోట రాలేదు. ఆ మూల పోతే ఆమెకు ఏం మిగులుతుంది? మొగుడు లేడు, పిల్లలు లేరు. వారమంతా ఆ ఒక్క ఆదివారం కోసమే రుబ్బుతుంది. ఇంతలో ఆమె చేతిలో గరిటె జారి కాళ్ళ ముందే పడింది. ఆమె వంగి అరచేత్తో నేలంతా తడుముకుంది.

“వదినా, కళ్ళకేమైంది?”

“ఆరేళ్ళకు కనబడిందా? ముందు నీ కళ్ళు చూపించుకో మరిదీ.”

నీడలు కనిపిస్తాయట, రంగులు కనిపించవట. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడట. మరి ఆరేళ్ళుగా అరేపా ఎర్రబడింది లేనిదీ ఎలా తెలిసిందని అడిగాను. ఎద్దుకు చెప్పినట్టు నాకు నిదానంగా చెప్పింది.

“నీ పాటలున్నాయి కదయ్యా. నీ దగ్గర పేరులేని రికార్డు ఉందే, అందులో ఆడమనిషి గొంతెత్తగానే గుడ్డు పోసి నూనెలో వేస్తాను. గిటారు తిరిగి మొదటికొచ్చి ఆగగానే తీస్తాను. ఒక్కో పాటకు ఒక్కో లెక్క. ఇప్పుడు పిల్ల పాటను సగంలో తెంపి ఇంకోటి అతికిస్తోంది. నేనెక్కడని తీసేది?”

తల కొట్టేసినట్టయింది. పేరులేని రికార్డు నా ప్రాణం. ఆఫ్రికా నుంచి ఒక ఓడవాడు తెచ్చాడు. పోటీ పికోల వాళ్ళు పేరు కనిపెట్టకూడదని మేమందరం చేసినట్టే దాని మధ్యన పేరున్న కాగితం గీకి పారేశాను. ఫిబ్రవరిలో కంప్యూటరు కొని పాటలన్నీ యురానిస్‌కు అప్పగించి, రికార్డుల పెట్టెను మంచం కిందకు తోసేసింది కూడా నేనే. అదేదో పెద్ద తెలివిగా చేశాననుకున్నాను.

“నూనె చప్పుడును బట్టి తీయలేవా?” అన్నాను, నా బుద్ధి గడ్డి తిని.

“ముప్పై ఏళ్ళు నీ పెట్టెల పక్కన నిలబెట్టి ఇప్పుడు చెవులు కూడా అడుగుతున్నావా?”

మరి నాతో ఎందుకు చెప్పలేదంటే, పిల్ల అంత ముచ్చటగా వాయించుకుంటుంటే ఎందుకు చెడగొట్టడం అంది. బెర్రియో మాట నేను చెప్పలేదు. ఇంటికొచ్చి యురానిస్‌తో అంతా చెప్పాను. నా రికార్డులను పాతసామాన్ల కొట్టని వెక్కిరించే పిల్ల, మంచం కింద నుంచి పెట్టె లాగి, వాటిని ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చుంది.

ఆదివారం ఒక్క పాటనూ మధ్యలో తెంపలేదు. మొదటి వాయి బాగా వచ్చింది, రెండోదీ వచ్చింది. అప్పుడు బెర్రియో పళ్ళెం పట్టుకుని తానే వచ్చి మూకుడు ముందు నిలబడ్డాడు. నేను పేరులేని రికార్డు వేశాను. ఆడమనిషి గొంతెత్తింది, అరేపా నూనెలో పడింది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మా పేటలో కరెంటు పోవడం వింత కాదు. రెండు వందల మంది ఈలలు, తిట్లు. డియోసెలీనా గరిటె గాలిలో ఆగిపోయింది. ముఖం నా పెట్టెల వైపు తిప్పి అలాగే నిలబడింది. యురానిస్ స్పీకరు పెట్టె మీదకెక్కి, పాట ఎక్కడ తెగిందో అక్కడ నుంచి అందుకుంది. ఆ భాష మాకెవరికీ రాదు. ముప్పై ఏళ్ళుగా ఆ మాటల్ని మాకు తోచినట్టు పాడుకుంటున్నాం. ముందు వరసలో ఆడవాళ్ళు కలిశారు, తరువాత పెరడంతా కలిసింది. గిటారును నోళ్ళతోనే వాయించారు. వాళ్ళకది సరదా. నేను తాళం తప్పకుండా పెట్టె మీద చరుస్తూ ఏడుస్తున్నాను, సిగ్గెందుకు. గిటారు తిరిగి మొదటికొచ్చి ఆగింది. గరిటె దిగింది.

బెర్రియో కొరికాడు. సొన పెదవి దాకా వచ్చి ఆగింది. నోటి నిండా పెట్టుకుని ఇంకోదానికి పళ్ళెం చాపాడు. ఆ మూల గురించి మళ్ళీ ఎత్తలేదు.

జనం సర్దుకున్నాక నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆ మొదటి రెండేళ్ళ మాట, ముప్పై ఏళ్ళుగా మింగిన మాట, ఆమెతో చెప్పాను. నీ మూకుడు లేకపోతే నా మొండోడు లేడు వదినా, నీ మేలు మరిచిపోలేను అన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు. ఇంకో బిళ్ళ తడుతోంది.

“తెలుసులే. కరెంటొచ్చాక పాట మొత్తం వెయ్యి, చాలు.”