మునుం రెండు కొసల్లో

మా అత్త పోయిందన్న కబురు నాకు బస్సులోనే తెలిసింది. అనంతపురం నుంచి ఉరవకొండ పోతున్నాం. బస్సు కిటకిటలాడుతోంది. జనం మధ్య దూరుకుంటూ టికెట్లు కొడుతుంటే ఫోన్ మోగింది. మా బావ. "అమ్మ పోయింది పాపా" అని పెట్టేశాడు. ఎవరో పాసు తీసి నా ముఖం మీద పెట్టారు. చూశాను, సరే అన్నాను. ఉరవకొండలో దిగి, డిపో ఆయనకు చెప్పి బ్యాగు అప్పగించేదాకా నేను కండక్టర్నే. ఆ తర్వాతే బస్టాండులో కూర్చొని ఏడ్చాను.

మీలో కొందరికి ఆమె గొంతు తెలుసు. 'పక్కూరి మబ్బు' అని తోడికోడళ్లు ఇద్దరు పాడిన పాటల ఆల్బమ్ ఒకటి వచ్చింది కదా, అందులో పాట ఎత్తుకునే బొంగురు గొంతు మా అత్తది, అంటే మా నాయన అక్కది. దూరం నుంచి అందుకునే సన్న గొంతు ఆమె తోడికోడలిది. ఆమెను నేను చిన్నత్త అంటాను. ఆ పాటలు విని, వాళ్ల ప్రేమ చూస్తే కళ్లు చెమర్చాయని ఫోన్లలో ఎంతమంది రాశారో! అయ్యా, అమ్మా, మీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఇద్దరికీ మాటల్లేవు. పాటలు రికార్డయ్యేనాటికే మాటలు పోయి ఏళ్లు గడిచాయి.

అంతా ఒక బోరు వల్ల వచ్చింది. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్లు చూపించే మనిషి వాళ్ల చేలో రెండు చోట్లు చూపించాడు. అత్త గట్టు పక్కన వేయమంది, చిన్నత్త వేపచెట్టు దగ్గర వేయమంది. వేపచెట్టు దగ్గరే వేశారు. పొద్దుగుంకేదాకా తెల్లటి దుమ్ము లేచింది తప్ప తేమ తగల్లేదు. అప్పుడు అత్త, ఊరంతా చూస్తుండగా, "నువ్వు కాలు పెట్టినకాడ నీళ్లు పడతాయా?" అనేసింది. చిన్నత్త కొంగు దులుపుకొని ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి అత్తతో మాట్లాడలేదు.

కానీ పాట ఆగలేదు. వేరుశనగ చేలో కలుపు తీసే ఆడవాళ్లు వరుసగా నిలబడితే దాన్ని మా వైపు మునుం అంటారు. పాట ఎత్తేవాళ్లు ఒక కొసన, అందుకునేవాళ్లు రెండో కొసన. మధ్యలో ఉన్నవాళ్ల చేతులు ఆ పాట మీద నడుస్తాయి. అత్త, చిన్నత్త లేకపోతే మునుం కదలదని రైతులు ఇద్దర్నీ కలిపే పిలిచేవాళ్లు. "ఆమెతో పలకవు, ఆమెతోనే పాడతావు, ఇదేం చోద్యం అత్తా?" అంటే, "మాటల్లేకుంటే పని ఆగదే. పాట ల్యాకుంటే ఈ ఎండకు నడుం వంగుతాదా?" అనేది.

ఎదురెదురు ఇళ్లు. మధ్యలో దారి, ఆ దారిలో అటూ ఇటూ నేను. డ్యూటీ దిగి ఎప్పుడు పోయినా ఇదే పని. "చెప్పు పాపా ఆమెకు, జొన్నరొట్టెలు చేసినా, పిల్లోళ్లను పంపమను." అటు నుంచి చిన్నత్త, "చెప్పు ఆమెకు, నిన్న రొట్టెలో ఉప్పు తక్కువైందని." ఇద్దరూ ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు, వినిపిస్తూనే ఉంటుంది. అయినా నేను దారి దాటి పోయి చెప్పాలి! బస్సులో లగేజికి టికెట్ ఉంది గానీ నేను మోసిన ఈ మాటలకు లేదు.

ఒకసారి పక్క ఊళ్లో కలుపుకు పోయి నా బస్సులోనే తిరిగొస్తున్నారు. అత్త డ్రైవరు వెనక సీట్లో, చిన్నత్త ఆఖరి సీట్లో. ఎవరో అడిగారని అత్త పాట ఎత్తింది. జనం తలల మీదుగా చిన్నత్త అందుకుంది. ఆ బస్సులోనే, కాలేజీలో తెలుగు చెప్పే మేడమ్ ఒకామె ఉంది. దిగేలోపు నా దగ్గరికి వచ్చి వాళ్ల ఊరడిగింది. అట్లా మొదలైంది ఆల్బమ్.

అనంతపురంలో స్టూడియో. వాళ్లిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, ముందర ఒక మైకు పెట్టి, తలుపు మూశారు. అత్త పాట ఎత్తింది. చిన్నత్త నోరు తెరిచింది గానీ గొంతు పైకి రాలేదు. మళ్లీ ఎత్తింది. మళ్లీ అంతే. రికార్డు చేసే ఆయన ఇయర్‌ఫోన్లు తీసి, "ఏమ్మా, వీళ్లకు పాడడం వస్తుందా?" అని నన్నే అడిగాడు. ఒళ్లు మండింది. "అంత దగ్గర నిలబెడితే ఎవరికి పాడాల వాళ్లు? నువ్వు చెవిలో అరుస్తావా ఎవరికైనా?" అన్నాను. చివరికి తలుపులన్నీ తెరిచారు. అత్త లోపల గదిలో, చిన్నత్త వరండా ఆ చివర. ఇద్దరికీ చెరొక మైకు. అప్పుడు వచ్చింది పాట!

మొదటి పాట మాత్రం ఎంతకూ అవలేదు. అత్త ఎత్తాల్సింది, "కొండమీద నల్లమబ్బు లేచెనే" అని. చిన్నత్త అందుకోవాల్సింది, "లేచినట్టే లేచి అక్కా, పక్కూరికి పాయెనే" అని. బాగానే వస్తోంది. అయినా ప్రతిసారీ అత్త, "నా గొంతు జారింది, ఇంగొగసారి" అనేది. రికార్డు చేసే ఆయన టీ మీద టీ తాగాడు. నాకు అత్త గొంతు ఎక్కడా జారినట్టు అనిపించలేదు.

ఆల్బమ్ బయటికొచ్చాక మా ఊళ్లో మొదట వంకలే పెట్టారు. రెండో గొంతు చిన్నగా వినిపిస్తోందని, సౌండు పెట్టడం రాలేదని. తర్వాత పేపర్లో రాశారు, 'రెండు గొంతులు, ఒకే ప్రాణం' అని. చదివి వినిపిస్తే అత్త పడీపడీ నవ్వి, "ఒగటే ప్రాణమంట! పోయి చెప్పు ఆమెకు" అంది. చెప్పాను. చిన్నత్త చీపురు పట్టుకొని అటు తిరిగింది గానీ భుజాలు కదులుతుంటే నవ్వుతోందని తెలిసింది. సన్మానంలో ఫొటో తీసేటప్పుడు చేతులు పట్టుకోమంటే ఇద్దరూ ఒకే శాలువా రెండు కొసలు పట్టుకున్నారు.

పోయిన వానాకాలం, వానలేని వానాకాలం లెండి, అత్త దగ్గర కూర్చొని విత్తనాలకు కాయలు ఒలుస్తున్నాను. ఆ పాటే ఎందుకు అన్నిసార్లు పాడించావని అడిగాను. చేనులో కూడా రోజూ మొదట అదే ఎత్తేది. కాసేపు కాయలు ఒలిచింది.

"ఆ పాటలో నన్ను అక్కా అంటాది పాపా. ఇంగ యాడ అంటాది?"

"ఇంత మనసులో పెట్టుకొని ఊరికే ఎందుకుండావు అత్తా? తప్పయిందని నేను పోయి చెప్పేదా?" అన్నాను.

"వద్దు. రొట్టెల మాట నువ్వు మోయొచ్చు. ఇది నేనే అనాల. ఆ మాట అనింది నేనే కదా. దారి దాటితే సాలు, కానీ దాటేతలికి నోరు రాదే" అంది. కళ్లు తుడుచుకొని, పుచ్చు కాయలు వేరే పెట్టమని నన్ను కసిరింది.

తప్పయిందన్న మాట అనకుండానే పోయింది.

నేను పోయేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. మునుం ఆడవాళ్లంతా వచ్చారు. చిన్నత్త మాత్రం తన అరుగు మీదే నిలబడి ఉంది. నన్ను చూసి అరుగు దిగి, దారి దాటి వచ్చింది. అన్ని ఏళ్లలో ఆ వాకిట్లో ఆమె కాలు పెట్టడం అదే మొదలు. అత్త ముఖం చూసింది. నా వైపు తిరిగింది.

"చెప్పు పాపా ఆమెకు. పాట ఎత్తమను."

"నేను మోయను చిన్నత్తా" అన్నాను. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి నాకు. "ఇది నువ్వే చెప్పుకోవాల. నీ నోట అక్కా అనిపించుకునేదానికే ఆ పాట ఎత్తేది ఆమె. తెలుసునా నీకు?"

చిన్నత్త నడుచుకుంటూ వాకిలి ఆ కొసకు పోయి, అత్త వైపు తిరిగి నిలబడింది. అత్త ఎత్తే చరణం పాడేంతసేపు ఊరుకుంది. అక్కడున్న ఆడవాళ్లకు ఆ చరణం తెలుసు. అప్పుడు అందుకుంది.

"లేచినట్టే లేచి అక్కా, పక్కూరికి పాయెనే..."

పాడి, కొంగు నడుముకు దోపుకొని, మళ్లీ ఒక చరణమంతసేపు ఆగింది.