ఆషాఢంలో కొనని చీర

ఆ రోజుల్లో ఆషాఢం అందరికీ శూన్యమాసం. నాకు మాత్రం పండుగ మాసం. ముహూర్తాలు లేక, బేరాలు లేక, విశాఖపట్నం బట్టల దుకాణాలవారు ఉన్న ధరను సగానికి దించే ఆ ముప్పై రోజుల కోసం నేను తక్కిన పదకొండు నెలలూ ఎదురుచూసేదాన్ని. నేడు నా మేనకోడళ్ళు రేపటి పుట్టినరోజుకు ఈరోజు ఫోనులో వెతికి, అడిగిన ధర చెల్లించి, అదొక నేర్పు అనుకుంటున్నారు. వారిని నేను మందలిస్తూనే ఉంటాను. వారు వినయంగా వింటూనే ఇంకొకటి తెప్పిస్తూ ఉంటారు. అయితే ముందుచూపు అనే సద్గుణం కూడా ఒకసారి మనిషిని కొండెక్కించి కూర్చోబెట్టగలదని వారికి ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఇక నా మందలింపులకు విలువ ఉండదన్న భయం ఉండేది. ఇప్పుడు ఈ వయస్సులో ఆ భయం కొంత తగ్గింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. అరకులోయలో ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిని. నాన్నగారు పోయిన తరువాత అమ్మను మైదానంలోని మా ఊరినుంచి తీసుకువచ్చి, పాఠశాల వెనుక ఉన్న రెండు గదుల క్వార్టరులో నాతో ఉంచుకున్నాను. మంచం క్రింద ఒక ఆకుపచ్చ రేకు పెట్టె ఉండేది. ఆషాఢంలో కొన్న చీరలు, పంచెల చాపులు, స్టీలు సామాను అందులో వరుసగా అమర్చి, ఒక్కొక్కదానికీ ఎవరికి, ఏ శుభకార్యానికి అన్నది చీటీ వ్రాసి అంటించేదాన్ని. ఇంకా సంబంధం కుదరని పిన్ని కూతురికి పెళ్ళి చీర, ఇంకా పునాది పడని మామయ్య ఇంటికి గృహప్రవేశపు బిందె, ఇంకా పుట్టని పిల్లలకు రెండు ఉగ్గుగిన్నెలు అందులో సిద్ధంగా ఉండేవి. (ఉగ్గుగిన్నెల మీది చీటీ ఒకసారి, అప్పటికింకా పిల్లలు కలగని మా పెద్ద వదిన కంటపడి, ఆమె నెలరోజులు నాతో మాట్లాడలేదు.) ప్రక్క క్వార్టరులోని లెక్కల టీచరు ఆ పెట్టెను చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనకుండా ఉండేది కాదు. ఒకనాడు, మీ అంతిమయాత్రకు పూలదండ కూడా కొని పెట్టారా అని అడిగింది. పూలు నిలవ ఉండవు కనుక కొనలేదని నేను గంభీరంగా సమాధానం చెప్పాను.

మాకు పెద్ద ఖర్చు కానుకలు కాదు, చుట్టాలు. అరకులోయలో ఉద్యోగం చేసేవారి ఇల్లు బంధువులందరికీ విడిది. చలికాలం వచ్చిందంటే కిరండూలు రైలు సొరంగాలన్నీ దాటించి మా పిన్నులను, బాబాయిలను, వారి తోడల్లుళ్ళను మా గుమ్మంలో దింపేది. దీనికీ నేనొక పద్ధతి కనిపెట్టాను. వినాయకచవితి వెళ్ళగానే బంధువులందరికీ కార్డులు వ్రాసేదాన్ని: రాదలచినవారు పదిహేను రోజులు ముందుగా తెలుపవలెను, దుప్పట్లు వెంట తెచ్చుకొనవలెను, కుటుంబానికి రెండు కిలోల కందిపప్పు తేవలెను. కొందరు అలిగారు, ఎక్కువమంది పప్పు తెచ్చారు. కాని నా పద్ధతిలో ఒక లోపం ఉంది. వచ్చినవారందరికీ వండేది మాత్రం అమ్మే. ఒక మాఘమాసం చివర, ఆఖరి చుట్టాన్ని రైలెక్కించి వచ్చి చూస్తే, అమ్మ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది.

“అందరూ అరకు సూడ్డానికొత్తారే. మూడేళ్ళయింది వచ్చి, నాను ఈ కిటికీలోంచి తప్ప సూళ్ళేదు,” అంది.

ఎక్కడికైనా వెళ్ళాలని ఉందా అని అడిగాను. ఎక్కడైనా పరవాలేదట. నాలుగు రోజులు, తాను గరిటె పట్టకుండా, ఇంకొకరు వండి పెడితే తినాలని ఉందట. అడిగినది అంతే. ఆ నిమిషంలోనే నేను నిశ్చయించుకున్నాను: వచ్చే జనవరి సెలవుల్లో అమ్మను పూరీ తీసుకువెళ్ళాలి. మంచి వసతిలో దిగాలి. ఉదయం కాఫీ దగ్గరనుంచి రాత్రి మజ్జిగ దాకా ఎవరో తెచ్చి ఇవ్వాలి. దానికి కావలసిన సొమ్ము అప్పు చేయకుండా, పండుగలు మానకుండా, కేవలం ముందుచూపుతో మిగిల్చి చూపించాలి.

ఆ సంవత్సరం నా క్రమశిక్షణకు నేనే భయపడ్డాను. చింతపండు కాపు వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా కొని జాడీలకెత్తాను. చుట్టాలకు అడ్డాకుల విస్తళ్ళలోనే భోజనం అని ప్రకటించి, గిన్నెలు తోమే మనిషి జీతం మిగిల్చాను. ఆషాఢంలో పెట్టెను అంచుల దాకా నింపాను. ఇక మిగిలినది రాజ్‌మా చిక్కుడు గింజలు. మా చుట్టాలు ఒక్కరు కూడా వాటిని మూటకట్టుకోకుండా రైలెక్కరు. పంట చేతికి రాకముందే ధర కుదుర్చుకుంటే చాలా చవక అని లెక్కల టీచరే చెప్పింది.

సంతలో అల్లం, పసుపు, గింజలు అమ్మే ఒకామె ఉండేది. పై కొండమీది గూడెం ఆమెది. నాకంటే పాతికేళ్ళు పెద్ద. తూకంలో ఆమె ఒక గింజ ఎక్కువ వేయదు, ఒక గింజ తక్కువ వేయదు. అందుచేత ఆమె అంటే నాకు గౌరవం. నేను పంతులమ్మను, ఆమె అల్లం అక్క. భాద్రపదంలో ఒక సంతరోజున అమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్ళి, పుష్యంలో రాబోయే పంటకు అప్పుడే ధర మాట్లాడాను. బయానాగా డబ్బు ఇవ్వడం నాకిష్టం లేక, పెట్టెలోంచి ఒక స్టీలు డబ్బా తీసుకువెళ్ళాను. (ఒక నిశ్చితార్థం తప్పిపోవడం వల్ల ఆ డబ్బాకు చీటీ ఊడింది.) ఉత్త డబ్బా ఇవ్వకూడదని అమ్మ ఇంటి దగ్గరే దానిలో ఒక కొబ్బరికాయ, బెల్లంముక్క, పసుపు కొమ్ము, కొత్త రవికెగుడ్డ పెట్టింది. నేను డబ్బా చాపబోతుంటే “ఇలా తే” అని తీసుకుని, తానే రెండు చేతులతో ఇచ్చింది. అల్లం అక్క ఒక్క నిమిషం అమ్మ ముఖంలోకి చూసింది. తరువాత ప్రక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళను పిలిచి చూపించి, డబ్బాను కళ్ళకద్దుకుంది. ఒప్పందం పట్ల వీరికి ఎంత శ్రద్ధ, సాక్షులను కూడా పెట్టుకున్నారు అని నేను ముచ్చటపడ్డాను.

ఆ మరుసటి ఆదివారం ఆమె మా క్వార్టరుకు వచ్చింది. వెంట ఆమె భర్త కావడి మోస్తున్నాడు. అందులో రెండు గుమ్మడికాయలు, ఒక మూట సామలు, చెట్టున పండిన అరటిగెల, కాళ్ళు కట్టిన ఒక కోడిపుంజు. గుమ్మంలో నిలబడి “నేస్తం” అని పిలిచింది. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. నేను మర్యాదకు పెట్టె తెరిచి, ఆమెకొక చీర, ఆయనకొక పంచెల చాపు ఇచ్చాను. వారు వెళ్ళిన తరువాత లెక్కల టీచరు కంచె మీదనుంచి తొంగిచూసి నా అజ్ఞానాన్ని పోగొట్టింది. పదేళ్ళుగా ఏజెన్సీలో ఉన్న మనిషి, ఆమెకు అన్నీ తెలుసు. అది బయానా కాదట, నేస్తరికమట. కాయా బెల్లం పెట్టి నలుగురిలో ఇస్తే నేస్తం కట్టినట్టేనట. ఇక జీవితాంతం పేరు పెట్టి పిలుచుకోరాదు, బేరం ఆడరాదు, నేస్తం దగ్గర ధర తీసుకోరాదు, ఏ పండుగకూ వట్టి చేతులతో కనబడరాదు.

“మీరు ఏడాదికి సరిపడా గింజలు కొనలేదు టీచర్. ఏడేడు తరాలకు చుట్టాన్ని కొన్నారు,” అని వెళ్ళిపోయింది.

తరువాత జరిగినదంతా నా పెట్టె పతనం. వారి గూడెంలో కొత్తలు తినే పండుగలు ఒకటి కాదు. కొత్త కొర్రలు, కొత్త సామలు, ఏది పండినా ముందు దేవతను కొలిచి, పంచి, అప్పుడు తింటారు. ఒక్కొక్క కొత్తకూ కావడి దిగేది. దిగిన ప్రతి కావడికీ నా పెట్టెలోంచి ఒక చీటీ ఊడేది. పిన్ని కూతురి పెళ్ళి చీర నేస్తం కోడలికి వెళ్ళింది. మామయ్య గృహప్రవేశపు బిందె నేస్తం కొత్త పాకలోకి వెళ్ళింది. ఉగ్గుగిన్నెలు రెండూ ఆమె కూతురి కవలలకు సరిగ్గా సరిపోయాయి. (పెద్ద వదిన ఆ వార్త విని మళ్ళీ మాట్లాడడం మానివేసింది.) కోడిని తినే అలవాటు మాకు లేనందువల్ల పుంజు మా పెరట్లో స్థిరపడి, సరిగ్గా ఉదయపు ప్రార్థన సమయంలో కూసి, మూడు వందల మంది బాలికల ముందు నా క్రమశిక్షణను నవ్వులపాలు చేసేది. డిసెంబరు నాటికి పెట్టె అడుగు కనిపించింది. మాఘంలో నాలుగు పెళ్ళిళ్ళు ఉన్నాయి. ఆ కానుకలు ముహూర్తాల ధరకు కొంటే పూరీ లేదు. పూరీ వెళితే నాలుగు పెళ్ళిళ్ళకు వట్టి చేతులు.

అమ్మ మాత్రం సంతరోజున నాకంటే ముందే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడేది. వయస్సు మీద పడి చాదస్తం వచ్చిందనుకున్నాను. (అప్పటి అమ్మ వయస్సుకు ఈరోజు నేను పదిహేనేళ్ళు పెద్దను.)

నేను వెనుకాడలేదు. అమ్మకు మాట ఇచ్చాను. మాటకు అడ్డు వచ్చినదాన్ని తొలగించాలి. జనవరి సెలవులు ఇచ్చిన మరునాడే, నేస్తరికాన్ని మర్యాదగా విరమించుకోవడానికి అమ్మతో కలిసి కొండ ఎక్కాను. చెప్పవలసిన మాటలు రెండు రోజులుగా కూర్చుకున్నాను. కాఫీ తోటల నడుమ దారి; రెండు గంటల నడక. నేను నాలుగుచోట్ల ఆగి ఆయాసపడ్డాను, అమ్మ ఆగలేదు.

గూడెం అంతా అలికి ముగ్గులు వేసి ఉంది. ఆరోజు చిక్కుడు కొత్త అని వెళ్ళిన తరువాతే తెలిసింది. అయినా నేను నిలబడే ఉండి, గొంతు సవరించుకుని, మన మధ్య కుదిరినది కేవలం వర్తక సంబంధమనీ, అజ్ఞానవశమున అది మైత్రిగా పరిణమించినదనీ, ఉభయుల సౌకర్యం దృష్ట్యా దానిని పూర్వస్థితికి తెచ్చుకోవడం ఉచితమనీ మొదటినుంచి చివరిదాకా తడబడకుండా చెప్పాను. అల్లం అక్క గింజలు వలుస్తూ శ్రద్ధగా వింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళూ విన్నారు.

“పంతులమ్మ పాటం బాగా సెప్పింది,” అంది ఆమె వారితో. తరువాత నావైపు తిరిగి, “అది బయానా అని నాకు తెల్దేటి? ఇరవయ్యేళ్ళుగా సంతలో కూకుంతన్నాను. డబ్బా నువ్వు తెచ్చినావు. కాయా, బెల్లం ఎవులెట్టినారు? ఎవులిచ్చినారు? నాను నేస్తం కట్టింది నీతోటి కాదు పంతులమ్మా, మీయమ్మతోటి. నువ్వెవులివి మద్దిలో ఇడగొట్టడానికి?”

నేను అమ్మవైపు చూశాను. అమ్మ అప్పటికే పీట మీద కూర్చుని ఉంది. పీట ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో నేను గమనించలేదు.

“నీకు తెలిసే ఇచ్చావా?” అన్నాను.

“తెలీకేటే గుంటా. పెళ్ళికి ముందు మా ఊర్లో నాకూ ఒక నేస్తం ఉండేది. ఇలాగే కట్టుకున్నాం.” అమ్మ చేతిలోని చిక్కుడుకాయను వలిచి గింజలు చాటలో వేసింది. “నువ్వు పొద్దున్న బడికెల్తే సాయంత్రం వత్తావు. వచ్చినా చీటీలు రాసుకుంతావు. నాకు మాటాడ్డానికి ఒక మనిషి కావాలి కదే.”

సంవత్సరం మొత్తానికి ముందుగా ఆలోచించిన మనిషిని నేను. చింతపండు ఎన్నాళ్ళు వస్తుందో, ఎవరి పెళ్ళి ఎప్పుడవుతుందో, ఎవరికి పిల్లలు పుడతారో అన్నీ ఊహించి చీటీలు అంటించాను. ఆ పెట్టెలో అమ్మ పేరున్న చీటీ ఒక్కటి కూడా లేదని ఆ గుమ్మంలో నిలబడినప్పుడు మొదటిసారి తట్టింది.

ఆ సాయంత్రం దిగివద్దామనుకున్నవాళ్ళం నాలుగు రోజులు ఉండిపోయాం. లేచి గరిటె పట్టబోతే నేస్తం అమ్మ చేతిమీద ఒకటి వేసి కూర్చోబెట్టింది. పొద్దున్నే రాగి అంబలి, వెదురు బుట్టలో ఆవిరి పట్టిన దుంపలు, కొత్త చిక్కుడు గింజల కూర, అన్నీ అమ్మ కూర్చున్న చోటికే వచ్చాయి. చెట్టున పండిన పళ్ళ గింజలను వాళ్ళే పెరట్లో దోరగా వేయించి దంచిన కాఫీ తాగి అమ్మ కళ్ళు మూసుకుంది. రెండోనాడు ఆ కొండ చివరనుంచి లోయ అంతా చూపించడానికి నేస్తం అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళింది. వారిద్దరూ మధ్యాహ్నం దాకా తిరిగి రాలేదు. నన్ను పిలవలేదు. దిగివచ్చే దారిలో, పూరీకి వచ్చే ఏడాది తప్పకుండా వెళదామని మొదలుపెట్టాను.

“ఇప్పుడేటి తొందర,” అంది అమ్మ. “సైత్రంలో గూడెమోళ్ళ ఇటుకల పండగంట, బేగి రమ్మంది నేస్తం.”

పూరీ సొమ్ముతో ఆ మాఘంలో నాలుగు పెళ్ళిళ్ళకూ ముహూర్తాల ధరకే కానుకలు కొన్నాను. ఒక్కొక్కటి కొన్నప్పుడల్లా గుండె కలుక్కుమంది, అది నిజం.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పదకొండోనాడు కొండదిగి వచ్చిన నేస్తం, తన తువ్వాలులోంచి కొబ్బరికాయ, బెల్లంముక్క తీసి నా చేతిలో పెట్టింది. ఈసారి నేను ఏ ప్రసంగమూ చేయకుండా వాటిని కళ్ళకద్దుకున్నాను. ఉద్యోగ విరమణ తరువాత విశాఖలో ఉంటున్నాను. ఆకుపచ్చ పెట్టె ఇంకా మంచం క్రిందే ఉంది. నేటికీ ఆషాఢంలోనే నింపుతాను. ఏటా పుష్యంలో కొండనుంచి బస్సులో ఒక సంచి రాజ్‌మా గింజలు వస్తాయి. వాటి ధర ఎంతో ఇంతవరకు నాకు తెలియదు.

మొన్న చిక్కుడు కొత్తకు కొండకు బయలుదేరేముందు దుకాణానికి వెళ్ళి నేస్తానికి ఒక మంచి నేతచీర తీయించాను. నలభై ఏళ్ళుగా నన్ను ఎరిగిన దుకాణదారు జాలిపడ్డాడు. “అమ్మగారూ, ఆషాఢంలో వస్తే ఇదే చీర సగానికి ఇస్తాను కదా, మీకు తెలియనిదా,” అన్నాడు.

తెలుసు నాయనా, కట్టు అన్నాను.