ఓడ గడపలు

విశాలాక్షి ఉద్యోగం ఓడెక్కి తిరగడం. రేపల్లెలో, మూతపడిన బియ్యం మిల్లు గోడౌన్‌లో.

ఓడ అక్కడ లేదు. ఇంకా ఎక్కడా లేదు. ఒక షిప్‌యార్డు కట్టబోయే ఆ ఓడకి ఉదయ్ కిరణ్ తన తెనాలి ఆఫీసులో డిజిటల్ కవలను తయారుచేశాడు. ప్రతి గొట్టం, ప్రతి తలుపు కంప్యూటర్లో ఉన్నాయి. ప్రత్యేకమైన కళ్లజోడు పెట్టుకుంటే ఓడలో ఒక్కో అంతస్తు అసలు కొలతల్లో చుట్టూ పరుచుకుంటుంది, పక్కనున్న మనుషులూ కనిపిస్తూనే ఉంటారు. అంత పెద్దదానికి తెనాలి గది ఏం చాలుతుంది? అందుకే ఈ గోడౌన్.

ఇంజనీరు పిల్లలకి ఆ కళ్లజోడుతో కళ్లు తిరిగేవి. ఒకడైతే తిన్న ఇడ్లీలన్నీ గుమ్మం దగ్గరే అప్పజెప్పాడు. ఉదయ్ పక్కింటావిడ విశాలాక్షి, అప్పటిదాకా చీరలకి ఫాల్స్ కుట్టుకునేది, సరదాకి పెట్టుకుని సుబ్బరంగా తిరిగొచ్చి, "ఇంకో అంతస్తు ఉందా బాబూ?" అంది. అలా దొరికింది ఉద్యోగం.

పుట్టి బుద్ధెరిగాక అదే ఆమె మొదటి ఉద్యోగం. రేపల్లె రైల్లో ఎవరైనా ఎక్కడికని అడిగితే చాలు, ముఖం వెలిగిపోయేది. "ఇవాళ ఓడ ఏ రేవుకొచ్చిందోయ్?" అని సాయంత్రం మొగుడు కొండలరావు ఆటపట్టించినా ముచ్చటగానే ఉండేది. కాకపోతే షిప్‌యార్డు వాళ్లు వచ్చి చూసి, సరేనంటేనే పని నిలుస్తుంది. లేదంటే మళ్లీ ఫాల్సే.

షిప్‌యార్డు నుంచి జనార్దనరావుగారు వచ్చారు. పెద్ద ఇంజనీరు, భారీ మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు. ఓడ తలుపులకి నీళ్లు లోపలికి రాకుండా ఎత్తయిన గడపలుంటాయి. విశాలాక్షి కుచ్చిళ్లు పట్టుకుని మొదటి గడప దాటింది. వెనకాల ఆయన కాలు అంత ఎత్తు లేవలేదు, గడప మీదే పడింది. అంతే, కళ్లజోడులో నేల మాయమైంది. ఆయన ఓడ అడుగునున్న నీళ్ల ట్యాంకులోకి దిగిపోతున్నట్టు అనిపించి, "అమ్మో!" అంటూ గోడౌన్ నేలమీద చతికిలబడ్డారు.

గబగబా లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. దెబ్బేం తగల్లేదు. ఉదయ్ మొహం మాత్రం పాలిపోయింది.

"ఇన్నాళ్లూ తిరిగారు కదా పిన్నీ, ఒక్కసారైనా ఇలా అవలేదా?"

"గడపెవరు తొక్కుతారు బాబూ?"

ఉదయ్ కూడా ఎప్పుడూ తొక్కలేదు. ఆఫీసులో ఎవరూ తొక్కలేదు. గడప మీద కాలు పడితే ఏమవ్వాలో ప్రోగ్రాంలో రాయాలని ఎవరికీ తోచనేలేదు.

విశాలాక్షికి ఏడుపొచ్చినంత పనైంది. ఇక రేపట్నుంచి రైలెక్కేది లేదనుకుంది.

జనార్దనరావుగారు మోకాలు రాసుకుంటూ పకపకా నవ్వారు. "మా అమ్మ చూసుంటే నాకు రెండు తగిలించేదమ్మా! ఓడ కట్టాక కాకుండా ఇప్పుడే మునిగాను, నయం. మా ఓడలో అన్ని దేశాలవాళ్లూ తిరుగుతారండి. వాళ్లకి గడప సంగతేం తెలుసు? ప్రతి గడపా మీరే తొక్కి చూడాలి. మీరు బాగుందంటేనే నేను సరేనంటాను. ఉదయ్, తర్వాతి ఓడకి కూడా ఈవిడే ఉండాలి."

మర్నాటికి ఉదయ్ తప్పు సరిదిద్దాడు. మొదటి గడప ముందు విశాలాక్షి చాలాసేపు నిలబడింది. పనైతే నిలిచింది గానీ, కాలు మాట వినడంలేదు. చివరికి వంగి, గడప కనిపిస్తున్న చోట గాలిని తాకి, చెయ్యి కళ్లకద్దుకోబోయింది. కళ్లజోడు అడ్డొచ్చింది. దానికే అద్దుకుని, కళ్లు గట్టిగా మూసుకుని తొక్కింది.

కళ్లు తెరిచేసరికి ఓడ ఓడలాగే ఉంది.

"నిలబడింది బాబూ!" అని కేకేసి, రెండో గడప ముందు మళ్లీ వంగింది.