సగం మంచి చిప్పులు

ఒకప్పుడు సెంబవాంగ్ రేవులో ఓడలకు సరుకులు అందించిన కుటుంబం మాది. ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి, ఒకే రకం కంప్యూటర్లు ఉండేవి. వ్యాపారం మునిగినప్పుడు ఆఫీసుది బల్లలతో పాటే పోయింది. ఇంటిదీ, ఒక క్యాసెట్టూ మిగిలాయి. నాన్న ఆఫీసు కంప్యూటర్ మీద రాసిన ప్రోగ్రాం ఆ క్యాసెట్టులో ఉంది. అది అమ్మ పేరును తెలుగులో గీస్తుందట. అమ్మ ఎన్నడూ చూడలేదు. నాన్న పోయి చాలా కాలమైంది. ఈ మధ్య కళ్ళ ఆపరేషన్ అయ్యాక, "ఇప్పుడు చూపించరా," అంది.

క్యాసెట్టు పెడితే మెమరీ చాలదంటోంది కంప్యూటర్.

మా ఇంట్లో సాయం చేసే అలవాటే తప్ప అడిగే అలవాటు లేదు. అమ్మే లిఫ్టులో కనబడిన హైదరాబాద్ అంకుల్‌కు చెప్పేసింది. ఆయన ఇప్పుడు మేముండే పుంగ్గోల్‌లో, మా బ్లాకులోనే పై అంతస్తులో ఉంటారు. రిటైరైన ఇంజనీరు. పాత కంప్యూటర్లంటే ప్రాణం.

"మెమరీ ఎంత తమ్మీ?" అన్నారు వస్తూనే.

"నలభై ఎనిమిది కేబీ. మా నాన్న తక్కువది కొనే మనిషి కాదు."

ఆయన నాతో ఒక లైను టైపు చేయించారు. పదహారే అని తేలింది. మూత విప్పితే లోపల ఒక వరుసలో చిప్పులు, పక్క వరుసలో ఖాళీ సాకెట్లు.

"కుర్చీలేసి పెట్టిన్రు, చుట్టాలే రాలే," అని నవ్వారు.

ఆయన తెచ్చినవి సగం పాడైన చిప్పులు. పనిచేసే సగం ఏదో చెప్పే అక్షరం ఒక్కోదాని మీద ఉంటుంది. వరుసంతా ఒకే అక్షరం ఉండాలి.

"సెకండ్స్ సరుకు మాకొద్దు అంకుల్," అన్నాను.

"అరే, కంపెనీ ఏసిందే ఇవి! నలభై ఎనిమిది కేబీ ఉన్నయన్నిట్ల ఇవే, మీ ఆఫీసు దాంట్ల గూడ."

నేనే ఒక్కో చిప్పూ ఆయనకు అందించాను.

తీరా చూస్తే ఒక చిప్పు మీద అక్షరం వేరు. "జర ఆగు," అంటూ పైకి వెళ్ళి, అరచేతిలో ఒక చిప్పు పెట్టుకుని దిగారు. తన సొంత కంప్యూటర్ నుంచి ఊడదీసింది.

"మరి మీది ఆగిపోతుంది కదా?"

"నాది నేను శాన సార్లు చూసిన. అమ్మ చూడలే."

ఈసారి నలభై ఎనిమిదీ కనబడింది. క్యాసెట్టు కీచుమని అరిచి అరిచి ఊరుకుంది. తెర మీద గీత వెంట గీత పడుతూ అక్షరాలయ్యాయి. అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"దీర్ఘం ఏదిరా? ఇంత చేసి నా పేరులో దీర్ఘం మింగేశారు చూడు మీ నాన్న!" అంటూ కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

"సరిజెయ్యాల్నా అమ్మా?" అన్నారు అంకుల్.

"ముట్టుకోవద్దు బాబూ."

అంకుల్ బయల్దేరితే, వద్దంటున్నా ఆయన ఫ్లాట్ గుమ్మం దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చాను. మా నాన్న ఓడ కెప్టెన్లకు తప్ప ఇంకెవరికీ ఆ మర్యాద చేసేవారు కాదు.