పదకొండు నెలలకోసారి ఖాళీ

మాణిక్యం గారు తన ఇంట్లో అద్దెకున్న మాస్టారి సామాను వీధిలోకి విసిరేయించారన్న మాట అమలాపురంలో ఆ పేటంతా తిరుగుతోంది. అది అబద్ధం. సామాను వెళ్ళింది వెనక వాటాలోంచి ముందు హాల్లోకి. కొబ్బరికాయల రాశి అడ్డుండబట్టి కాస్త వీధి వైపు తిప్పి తేవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి ఉమాదేవి గుమ్మంలో నిలబడింది. ఆ గుమ్మంలో మాణిక్యం గారే ఉంటే కథ ఇంకా పెద్దదయ్యేది కనక ఉమాదేవిని అనడానికేమీ లేదు.

మాణిక్యం గారి చదువు ఐదో తరగతిలో ఆగింది గానీ చెవులు ఆగలేదు. ఎవరింటి ముందు ఆటో ఆగినా ఆవిడకి కరివేపాకు అవసరం పడుతుంది, పెరట్లో చెట్టున్నా సరే.

చట్టం కూడా ఆవిడకి అలాగే అబ్బింది. భర్త పోయాక వెనక వాటా ఏసుపాదం మాస్టారికి అద్దెకిచ్చిన కొత్తలో, ఐ.పోలవరంలో గృహప్రవేశానికి వెళ్ళి వస్తూ బస్సులో పక్క సీటావిడ దగ్గర విన్నారు. అద్దెకున్నవాళ్ళు పన్నెండేళ్ళు కదలకుండా ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందట. అందుకే పదకొండు నెలలకే కాగితం రాసుకోవాలట. ఆ పక్క సీటావిడ ఎవరో, ఏ ఊరో మాణిక్యం గారు అడగలేదు. జన్మలో ఆవిడ ఆరా తియ్యకుండా వదిలేసిన మనిషి ఆ ఒక్కర్తే.

అందరూ కాగితం రాసుకుని ఊరుకుంటారు. మాణిక్యం గారికి ఖాళీ చెయ్యడం కళ్ళారా కనపడాలి. అంచేత గడువు తీరిన రోజు మాస్టారూ భార్య సుస్మితా మంచాలు, గ్యాస్ పొయ్యి, కుట్టుమిషను, ఆఖరికి క్రిస్మస్ నక్షత్రం కూడా బయటికి తెచ్చుకోవాలి. గోడకి క్యాలెండరు మిగలకూడదు. గదులు కడిగించి తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుని ఆ రాత్రి ఆవిడ నిశ్చింతగా నిద్రపోతారు. తెల్లారాక కొత్త కాగితం మీద సంతకాలు, సామాను మళ్ళీ వెనక్కి.

ఆ ఒక్కరోజూ సామాను ఆవిడ హాల్లోనే ఉంటుంది. పొయ్యి కట్టేసుకున్న మనుషులకి భోజనం కూడా ఆవిడదే. పనసపొట్టు కూరా, ముక్కల పులుసూ చేసి, హాల్లో ఆకులు వేసి వడ్డిస్తారు. మిగతా ఏడాదంతా మాస్టారు అద్దె ఇవ్వడానికొచ్చినా వరండా మెట్టు దగ్గరే నిలబడతారు, ఆవిడా అక్కడికే వచ్చి పుచ్చుకుంటారు. పేటలో అందరి సంగతులూ అడిగే ఆవిడ, ఇలా ఎందుకని తనని తాను ఎప్పుడూ అడగలేదు.

ఈసారి పన్నెండో ఏడు వచ్చింది. ఒక్క రాత్రి ఖాళీ సరిపోతుందో లేదోనని ఆవిడకి గుబులు పట్టుకుంది. తాళంచెవి ఇక తిరిగివ్వనని, వేరే ఇల్లు చూసుకోమని చెప్పేశారు. మాస్టారు ఆయ్, అలాగేనండి అన్నారు. సుస్మిత మాత్రం పదో తరగతి పరీక్షలకి చదువుతున్న కూతురి వైపు చూసింది.

సామాను హాల్లోకి చేరాక, చేసింది సబబేనని ఎవరి చేతనైనా అనిపించుకుందామని మాణిక్యం గారు ఆటో ఎక్కి కోర్టు దగ్గర ప్రభాకరరావు ప్లీడరు గారింటికి వెళ్ళారు. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాగితం రాసుకుని అద్దె కడుతున్న మనిషి ఎన్నేళ్ళున్నా అద్దెకున్న మనిషేనన్నారు. ఏడాదికి రాసుకుంటే రిజిస్ట్రేషను చేయించాలి గనక జనం పదకొండు నెలలు పెట్టుకుంటారనీ, దానికీ ఇల్లు పోవడానికీ సంబంధం లేదనీ చెప్పారు.

“మరి ఇన్నేళ్ళూ నేను చేయించిందేంటండి?”

“మంచాలు మోయించేరండి, అంతే. మీ మాస్టారు ఎప్పుడో వచ్చి నన్నడిగేరు కూడాను. ఇదే చెప్పేను.”

తిరుగు దారిలో ఆటో అబ్బాయి, ప్లీడరు గారు ఏమన్నారండి అని అడిగాడు. ఊళ్ళో వాళ్ళ సంగతులన్నీ ఇలాగే లాగే మాణిక్యం గారు, జనానికి ఇంత ఆరా ఎందుకో అని మొదటిసారి విసుక్కున్నారు.

ఇంటికొచ్చేసరికి హాల్లో వెంకటేశ్వరస్వామి పటం కింద మేకుకి నక్షత్రం వేలాడుతోంది. పిల్ల మంచం మీద పుస్తకం తెరుచుకుని కూర్చుంది. ఆవిడ ఆకులు వేసి వడ్డించారు. రొంటినున్న తాళంచెవి తీసి మాస్టారి ఆకు పక్కన పెట్టారు. ఇల్లు వెతుక్కోవద్దని, కాగితం రేపు రాసుకుందామని, ఇక మీదట సామాను మొయ్యక్కర్లేదని చెప్పారు. సుస్మిత కళ్ళు తుడుచుకుంది.

అక్కడితో ఊరుకుంటే పరువు దక్కేది. ఊరుకోవడం ఆవిడకి ఎక్కడ చేతనవును?

“అక్కర్లేదని తెలిసి కూడా ఏటా ఎందుకు మోసేరండి, మాస్టారూ?”

మాస్టారు ఆకులో కూర కలుపుకుంటున్నారు. తలెత్తకుండానే మెల్లిగా అన్నారు.

“మీరు మమ్మల్ని లోపల కూర్చోబెట్టి వడ్డించేది ఆ ఒక్కరోజే కదండీ, పిన్నిగారూ.”