పన్నెండో అల

నీటి ఆటల పార్కు గేట్లు తెరవడానికి ఇంకా గంట ఉందనగా ఈలమ్మ అలల కొలనులో దిగేది. ఎండైనా, ముసురైనా, ఒంట్లో నలతగా ఉన్నా పదకొండేళ్ళపాటు ఈ నియమం తప్పలేదు. ముందు వట్టికాళ్ళతో కొలనంతా నడిచి, పగిలిన పలక గానీ, ఎవరైనా పారేసుకున్న పిన్నీసు గానీ ఉందేమోనని నేలను పాదాలతో తడిమి చూసేది. తర్వాత నడుము లోతులో ఆగి నిలబడేది. సరిగ్గా ఎనిమిదిన్నరకి పైన అద్దాల గదిలో అలల యంత్రం చూసుకునే మేస్త్రీ మీట నొక్కేవాడు. చివరి గోడ వెనక యంత్రాలు గుర్రుమని, అలలు లేచేవి. ఆమె ఒక్కో అలనీ లెక్కపెడుతూ, ఇవాళ ఈ నీళ్ళలోకి వచ్చినవాళ్ళంతా వచ్చినట్టే ఇంటికి పోవాలి తండ్రీ అని దేవుణ్ణి తలుచుకునేది. పన్నెండో అల తగలగానే కుడిచెయ్యి నిటారుగా ఎత్తేది. యంత్రాల హోరు ఆగిపోయేది. అద్దాల గది నెత్తిన పసుపు దీపం రెండుసార్లు వెలిగి ఆరేది. చూశానక్కా అని దానికి అర్థం. అప్పుడు గానీ ఆమె గట్టెక్కి తల తుడుచుకునేది కాదు.

ఆమె తండ్రి పడవ నడిపేవాడు. ఆమెకి నడక వచ్చిన ఏడాదికే ఈత వచ్చింది. పెళ్ళయ్యాక ఈ పార్కులో చీపురు పట్టుకునే పనికి కుదిరింది. మొదటి వేసవిలోనే ఊడుస్తున్న చీపురు అవతల పారేసి నీళ్ళలో దూకి ఒక పిల్లవాణ్ణి బయటికి లాగింది. అప్పుడున్న మేనేజరు ఆరు వారాలు శిక్షణ ఇప్పించి, మెడలో ఈల వేసి, కొలను పక్కన ఎత్తైన ఎర్ర కుర్చీ మీద కూర్చోబెట్టాడు. ఆనాటి నుంచీ అందరికీ ఆమె ఈలమ్మే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. దర్జీ పని చేసే ఆమె భర్త కూడా, మా ఇంట్లో మిషను మోతకి ఈల ఒకటే తక్కువైంది, అదీ వచ్చేసింది అని నవ్వేవాడు.

సముద్రం కన్నా ఈ కొలనే మోసకారిది అనేది ఈలమ్మ. సముద్రమంటే జనానికి భయం ఉంటుంది, ఇక్కడ ఉండదు. నీళ్ళు మోకాళ్ళ దాకానే కదా అని తల్లులు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఆమె కుర్చీ దిగి వెళ్ళి, కసురుకోకుండా, పక్కన గొంతుకూచుని చెప్పేది.

"చెయ్యి చాపితే పిల్ల అందాలమ్మా. అందలేదంటే దూరం పోయినట్టే. మునిగేవాళ్ళు కేకలెయ్యరు. నోరు నీళ్ళలో ఉంటే కేకెలా వస్తుంది?"

గాలి ట్యూబు ఆటవస్తువే గానీ కాపలా కాదని, పిల్లలకి లైఫ్ జాకెట్టు బకిల్స్ తనే బిగించేది. అల గోడకి కొట్టుకుని ఎదురు తిరిగే చోట ఎవరినీ ఆడనిచ్చేది కాదు. పది నిమిషాలు అలలు, పది నిమిషాలు విరామం. ఆ లెక్క యంత్రమే చూసుకుంటుంది. మధ్యలో ఆపాలంటే మాత్రం అద్దాల గదిలోంచే ఆపాలి. కుర్చీ దగ్గర కూడా ఒక మీట పెట్టించండి సార్ అని ఆమె ఇప్పటి మేనేజరుని రెండుసార్లు అడిగింది. చూద్దాం అన్నాడాయన. అయినా ఆమెకి బెంగ లేదు. పైన మేస్త్రీ ఉన్నాడు.

మేస్త్రీ ఆమెకన్నా ఆరేళ్ళు చిన్న. దేవుడిచ్చిన తమ్ముడు అని అందరితో చెప్పుకునేది. వాన పడితే తన గొడుగు ఆమె కుర్చీకి కట్టి తను తడుస్తూ వెళ్ళేవాడు. ఆమె భర్తకి జ్వరం తిరగబెట్టినప్పుడు రెండు రోజులు ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె కూడా తన డబ్బాలో సగం అతనికి పెట్టాకే తినేది. ఇవి చిన్న విషయాలు కావు. ఇలాంటి వాటి మీదే మనుషులం బతుకుతున్నాం. అందుకే తర్వాత జరిగింది ఆమెకి అంత లోతుగా గుచ్చుకుంది.

ఒక గురువారం, పండగ సెలవు. మధ్యాహ్నానికి కొలను కిక్కిరిసి ఉంది. నీళ్ళు కనపడనంతగా ట్యూబులు. ఈలమ్మ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తోంది. లోతువైపు గోడ దగ్గర ఒక ట్యూబు ఖాళీగా తిరుగుతోంది. క్షణం కిందట అందులో ఏడేళ్ళ పిల్ల ఉంది. ఈలమ్మ లేచి నిలబడి చెయ్యెత్తింది. అలలు ఆగలేదు. ఈల మూడుసార్లు ఊదింది, రెండు చేతులూ ఊపింది. ఆగలేదు. ఇక ఆగకుండా దూకింది. అల ఆమెని ఎత్తి గోడకేసి కొట్టింది. కుడి భుజంలో ఏదో కలుక్కుమంది. ఎడమ చేతికి పిల్ల గౌను అందింది. గట్టు మీద పడుకోబెట్టాక నీళ్ళు కక్కి, దగ్గి, పిల్ల బావురుమంది. ఆ ఏడుపు విని ఈలమ్మ కళ్ళు మూసుకుని తల పైకెత్తింది. వెనకాల అలలు ఇంకా లేస్తూనే ఉన్నాయి, పది నిమిషాలూ నిండేదాకా.

మర్నాడు మేనేజరు గదిలో విచారణ. పిల్ల తండ్రి ఫిర్యాదు రాసిచ్చాడు. అలలు ఎందుకు ఆపలేదన్నదే ప్రశ్న. ఈలమ్మ చెయ్యెత్తానని చెప్పింది. ఈల అద్దాల గదిలోకి వినపడదు, ఆ గందరగోళంలో చెయ్యి చూశామన్నవాళ్ళు లేరు. అప్పుడు మేనేజరు మేస్త్రీని అడిగాడు. అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు.

"అక్క చెయ్యెత్తలేదు సార్. ఎత్తితే ఆపనా? రోజూ పొద్దున్న ఆపుతూనే ఉన్నాను కదా, పదకొండేళ్ళుగా. ఒక్కరోజైనా తప్పానా?"

అతను కాగితం మీద సంతకం పెడుతుంటే ఈలమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. మేనేజరు మంచిగానే మాట్లాడాడు. వయసు మీద పడుతోంది కదమ్మా అన్నాడు. సోమవారం నుంచి చెప్పులు భద్రపరిచే గదిలో కూర్చోమన్నాడు. జీతం అదే. కుర్చీ మీదకి వేరే ఆవిడ వస్తుంది, ఈ శని, ఆదివారాలు రెండు పొద్దులూ ఆవిడకి పని చూపించమన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి భర్త మిషను పక్కన కూలబడి అంతా చెప్పింది. ఆయన కుట్టు ఆపి, టేపు మెళ్ళో వేసుకుని, ఒక్క మాటే అడిగాడు.

"చెయ్యెత్తావా?"

"ఎత్తాను."

"అయితే ఎత్తావు," అని మళ్ళీ మిషను తొక్కాడు.

ఆయనకి అంత నమ్మకం ఉంది గానీ, ఆమెకి తన మీద తనకే లేకుండా పోయింది. తమ్ముడు అబద్ధమాడతాడా? ఒకవేళ ఎత్తాననుకున్నానా, ఎత్తకుండానే దూకానా? కుర్చీ పోతే పోయింది. ఒక పసిప్రాణం తన చెయ్యి లేవకపోవడం వల్ల పోబోయిందా అన్నదే ఆమెని తినేసింది. అన్నం ముందు కూర్చుని, ఏ చెయ్యి, ఎంత ఎత్తుకి, ఎన్నిసార్లు అని నెమరేసుకుంటూ ఉండిపోయింది.

శనివారం పొద్దున్న కొత్తగా వచ్చిన ఆవిడని గట్టు మీద నిలబెట్టి, ఎప్పటిలాగే నీళ్ళలో దిగింది. ఎనిమిదిన్నరకి అలలు మొదలయ్యాయి. పన్నెండో అల వచ్చింది. చెయ్యి ఎత్తబోతే భుజం పట్టేసింది, మోచెయ్యి నడుము దాటి లేవలేదు. ఎడమ చెయ్యి ఎత్తుదామనుకునేలోగానే హోరు ఆగిపోయింది. పసుపు దీపం రెండుసార్లు వెలిగింది.

భలే చూస్తాడే పైనాయన, సగం ఎత్తితేనే ఆపేశాడు అంది కొత్తావిడ. రోజంతా ఈలమ్మ కళ్ళలో ఆ దీపమే ఆడింది.

ఆదివారం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నీళ్ళలో నిలబడింది. తొమ్మిదో అల, పదో అల. కదలలేదు. పదకొండు. పన్నెండో అల ఆమెని దాటి వెళ్ళింది. చేతులు వీపు వెనకే ఉన్నాయి. హోరు ఆగిపోయింది. పసుపు దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది, ఆరింది.

చూశానక్కా.

నీళ్ళు చదునైపోయేదాకా ఆమె అలాగే నిలబడింది. చెయ్యెత్తలేదన్నవాడు అసలు చూడనే లేదు, అంటే తను ఎత్తానన్నది నిజమే. అది తేలినందుకు ఊరట కలగాలి. కానీ పదకొండేళ్ళ పొద్దులన్నీ ఒక్కసారిగా చేతిలోంచి జారిపోయినట్టయింది. తను ప్రార్థన చేసుకుంటూ చెయ్యెత్తిన ప్రతి రోజూ, ఆ చెయ్యిని చూసిన వాళ్ళెవరూ లేరు.

తడిబట్టలతోనే ఇనుప మెట్లెక్కి అద్దాల గదిలోకి వెళ్ళింది. పదకొండేళ్ళలో ఆ గదిలోకి రావడం అదే మొదలు. మేస్త్రీ కుర్చీ కొలను కనపడే అద్దానికి వీపు పెట్టి ఉంది. ఎదురుగా గోడ గడియారం, దాని కింద రేడియో, టీ ఫ్లాస్కు. చెయ్యి వెనక్కి చాపితే మీట అందుతుంది.

"ఇవాళ చెయ్యెత్తలేదు తమ్ముడూ," అందామె.

అతను లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. మొదటి ఏడాది చూసేవాణ్ణక్కా, ఒట్టు అన్నాడు. నువ్వు ఒక్క సెకను అటూ ఇటూ అయ్యేదానివి కాదు, గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి నీ చెయ్యి లేచేది, ఇక చూడ్డమెందుకులే అనిపించింది అన్నాడు. ఆ రోజు రేడియో వింటున్నానని ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డానన్నాడు. ఆమె కాళ్ళ దగ్గరికి వంగబోతే ఆమె వెనక్కి జరిగింది.

"ఉద్యోగం కోసం అబద్ధం ఆడావు, అది అర్థమవుతుంది. రోజూ ఆ దీపం ఎందుకు వెలిగించావురా? అది ఎవరడిగారు నిన్ను?"

గొడుగు కట్టిన చేతులూ, ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న మనిషీ అబద్ధం కాదు. దీపం అబద్ధం. రెండూ ఒకే మనిషివి ఎలా అయ్యాయో ఆమెకి ఎంత ఆలోచించినా అందలేదు. తన తప్పూ కనపడింది. రోజూ అదే అలకి చెయ్యెత్తకపోయి ఉంటే ఇతని వీపు ఏనాడో బయటపడేది.

"మేనేజరుకి చెబుతావా అక్కా?"

చెబుతానంది. కిందికి దిగి నేరుగా అక్కడికే వెళ్తానని, కుర్చీ దగ్గర మీట సంగతి ఈసారి కాగితం మీద రాసిస్తానని చెప్పింది. కుర్చీ తనకి తిరిగి ఇస్తారో లేదో వాళ్ళ ఇష్టం. రేపటి నుంచి కొత్తావిడ రోజుకొక అలకి చెయ్యెత్తుతుంది, ఏ అలకో ముందుగా ఎవరికీ చెప్పదు అంది.

తలుపు దాకా వెళ్ళి ఆగింది. తడి చీర అంచు పిండుకుంటూ, పదకొండేళ్ళు డబ్బాలో అన్నం పంచిన గొంతుతోనే అడిగింది.

"నాకొక సాయం చేసిపెట్టు తమ్ముడూ. ఆ గోడ గడియారం దింపి ఇలా ఇయ్యి. చెప్పుల గదిలో గడియారం లేదు."